హద్దురాయికి సున్నం

నవాజ్ చేతికి సున్నం డబ్బా ఇవ్వడమే తప్పు. తన టాక్సీ ఎవరెక్కినా ఆ మాట చెప్పందే మహబూబ్‌కి బండి రెండో గేరులో పడదు.

ఏలూరులో పాత దొరల సమాధులకు కాపలా మహబూబ్ తాత నాటి నుంచీ ఆ ఇంటిదే. ఏటా నవంబరులో, సమాధుల పండగకి ముందు, గోరీలన్నిటికీ సున్నం వేయడం వాళ్ళ వంతు. మూలనున్న హద్దురాయికి కూడా తమ్ముడు నవాజ్ సున్నం పూసి పారేశాడు. చర్చి వాళ్ళు అదీ సమాధే అనుకుని కొవ్వొత్తి పెట్టారు. శ్మశానానికీ వాళ్ళ దొడ్డికీ మధ్య ఉన్న గోడ కూలి ఇరవై ఏళ్ళయింది. ఇప్పుడు రీసర్వే. అది హద్దురాయని తేలితే ఇంటి వెనక దొడ్డి మహబూబ్‌ది, సమాధని తేలితే శ్మశానానిది. సర్వేయరు శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి వస్తానన్నాడు.

సరిగ్గా ఆ రోజే తాడేపల్లిగూడెం నుంచి శ్రీహరి అనే లెక్చరరు దిగాడు. చుట్టుపక్కల తిప్పి చూపిస్తానని పది రోజుల కిందట ఇచ్చిన మాట, మహబూబ్ కాదనలేకపోయాడు.

ముందు దొరల సమాధుల దగ్గరే ఆగి, శ్రీహరి ఒక్కో రాతి మీద అక్షరాలు వేలితో తడుముతూ నిలబడ్డాడు.

"ఇరవై రెండేళ్ళకే పోయాడండీ ఈ దొర! కలరా అంటారా?"

"అయ్యుంటుందండీ. ఎండెక్కుతోంది సార్, కొల్లేరు చూడాలన్నారు కదా."

"ఆ మూలది ఎవరిదండీ, చిన్నది? పసిబిడ్డదా?"

"అది ఉత్త రాయండీ!" అన్నాడు మహబూబ్, అరిచినంత పని చేసి.

గుడివాకలంక దగ్గర కొల్లేట్లో పడవెక్కాక శ్రీహరి గూడబాతుల్ని వదల్లేదు. ఒక్క ఫోటో అంటూ అరవై తీశాడు. మహబూబ్ గట్టు మీద అటూ ఇటూ తిరుగుతుంటే ఒంటిగంటకే నవాజ్ నుంచి ఫోను వచ్చింది.

"భయ్యా, సర్వేయరు గారు ముందే వచ్చేశారు. కొలిచేస్తున్నారు."

"నువ్వేం చేస్తున్నావురా?"

"టీ ఇచ్చాను."

"టీ ఎవడిక్కావాలి, రాయి చూపించు!"

"చూపించా. భలే తెల్లగా ఉంచారే అన్నారు."

పడవవాణ్ణి కేకలేసి వెనక్కి రప్పించాడు.

"మరి గుంటుపల్లి గుహలండీ?" అన్నాడు శ్రీహరి, కారెక్కుతూనే.

"రెండు వేల ఏళ్ళుగా ఉన్నాయండీ అవి. ఆదివారం దాకా ఉంటాయి."

శ్మశానం దగ్గర బండి ఆగీ ఆగకముందే డిక్కీలోంచి టైరు లివరు తీసి మహబూబ్ రాయి మీద పడ్డాడు. సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది. చర్చి పెద్ద రూబెన్ పరుగున వచ్చాడు.

"ఏవండీ మహబూబ్ గారూ, సమాధి మీద ఇనుము పెడతారాండీ?"

"సమాధి కాదండీ బాబూ! హద్దురాయని సర్వే వాళ్ళు చెక్కిన బాణం గుర్తు కింద ఉంటుంది, చూడండి."

తెల్ల పొరలు పోయాయి. వాటి కింద నీలం పొర బయటపడింది. మహబూబ్ చెయ్యి ఆగిపోయింది. సున్నంలో నీలిమందు కలిపేది వాళ్ళ నాన్న ఒక్కడే. ఆయన పోయాక ఆ ఇంట్లో ఎవరూ కలపలేదు. అప్పటికి నవాజ్ ఉయ్యాల్లో ఉన్నాడు. ఆరో తరగతిలో బడి మానేసి, ఆ రోజుల్లో నాన్న కలిపిన సున్నం కుంచెతో పూసింది మహబూబే.

"భయ్యా, ఈ నీలం..." అన్నాడు నవాజ్.

"నోర్ముయ్!"

ఆ పొర కూడా గీకాడు. కింద రాయి అరిగి నున్నగా ఉంది. బాణం లేదు.

"ఇంకెక్కడైనా గుర్తుందాండీ?" అని మెత్తగా అడిగాడు సర్వేయరు. మహబూబ్ నాలుగు వైపులా తడిమి చూశాడు. లేదన్నట్టు తలూపి, చూపించిన చోట సంతకం పెట్టాడు. దొడ్డి నాలుగు సెంట్ల పదహారు గజాలు, మొత్తం పోయింది.