మడత విప్పని వీడ్కోలు

కినుయో ఆ రోజు పొద్దున్నుంచీ ఒక చోట నిలవలేకపోతోంది. మార్చి వచ్చిందంటే ఏటా ఇదే జబ్బు. వాలీబాల్ లీగు ముగింపుకొస్తుంది. ఆఖరి మ్యాచ్ అయిన కొన్నాళ్ళకు క్లబ్బు వాళ్ళు ఒక ప్రకటన వేస్తారు, ఫలానా ఫలానా అమ్మాయిలు ఈ ఏటితో జట్టును వదులుతున్నారని. అది వచ్చేలోపు మినాసే హెరాన్స్ అభిమానులెవరికీ అన్నం సయించదు. మాంసం కొట్టులో కట్లెట్లు వేయించే కినుయోకైతే నూనెలో ఏమున్నదో కూడా గుర్తుండదు. ఆ వారంలో రెండు వాయలు మాడ్చింది. కొట్టు యజమాని తిట్టబోయి, గోడమీద ఆవిడ అంటించిన మ్యాచ్‌ల క్యాలెండరు చూసి నోరు మూసుకున్నాడు.

ఆవిడ ప్రాణమంతా పదిహేడో నంబరు ఇబుకి ఒరికాసా మీదే. పద్దెనిమిదేళ్ళ పిల్లగా జట్టులో చేరిన కొత్తలో ఇబుకి తన మొదటి సర్వీసును నెట్టుకు కొట్టి, తనకు తానే ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకే కినుయో పడిపోయింది. అప్పటికీ ఇప్పటికీ పదకొండేళ్ళు. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఇబుకిని పూర్తి ఆట ఆడించడం లేదు. సెట్టు చివర్లో, నువ్వా నేనా అన్నట్టు ఉన్నప్పుడు, సర్వీసు కోసమని కోచ్ ఆమెను దించుతాడు. ఆమె కొడుతుంది. పాయింటు అవతలివాళ్ళకు పోగానే బెంచీకి వెళ్ళిపోతుంది. పరుగెత్తుకొచ్చి గాలిలోకి ఎగిరి కొట్టే ఆ పాత సర్వీసు ఆపరేషన్‌తోనే పోయింది. ఇప్పుడు నేలమీద నిలబడి జాగ్రత్తగా పంపుతుంది. ఆ కాస్త చూడడానికి కినుయో రెండు రైళ్ళు మారి, మంచులో నడిచి మరీ వెళుతుంది.

పదకొండేళ్ళుగా చూసేవాళ్ళకు బంతి ఒక్కటే కంటికి ఆనదు. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారు, ఎవరి మోకాలికి కొత్త పట్టీ పడింది, సంతకం కింద ఎవరు ఏ మాట రాశారు, అన్నీ శకునాలే. పదిహేను రోజుల కిందటి మ్యాచ్‌లో కినుయోకి పెద్ద శకునమే కనిపించింది. అమ్మాయిలందరూ లోపలికి వెళ్ళిపోయాక ఇబుకి ఒక్కతే కోర్టు చివరి గీత దగ్గర మోకాళ్ళమీద కూర్చుని, అరచేత్తో నేలను మెల్లగా నిమిరింది. అటూ ఇటూ, చాలాసేపు. పై అంతస్తు నుంచి అది చూసి కినుయో భోరుమంది. కోర్టుకి వీడ్కోలు చెబుతోంది, ఇంకేముంది! ఏడుస్తూనే వెళ్ళి హచిసుకాకి చెప్పింది. ఆయన అభిమాన సంఘం పెద్ద, డోలు వాయించేవాడు, ఒకప్పుడు రైలు నడిపినవాడు. రెండు రోజుల్లో సంఘమంతా ఆ మాట నమ్మేసింది.

ఇవాళ సొంత ఊళ్ళో ఆఖరి మ్యాచ్. హచిసుకా సంఘం తరఫున నాలుగు వందల కాగితాలు అచ్చు వేయించి, పొద్దున్నే ప్రతి సీటులోనూ ఒకటి పెట్టించాడు. లేత ఊదారంగు మీద పెద్ద అక్షరాలు: "ఇబుకీ, పదకొండేళ్ళు మాకోసం ఆడావు. ఇక హాయిగా విశ్రాంతి తీసుకో." ఆ మాటలు కూర్చింది కినుయోనే. పదిహేడో నంబరు సర్వీసుకు రాగానే ఎత్తిపట్టుకోవాలని మూలన చిన్న అక్షరాల్లో ఉంది.

మొదటి సెట్టు హెరాన్స్ సునాయాసంగా గెలిచింది. ఇబుకితో అవసరం పడలేదు. రెండో సెట్టు నడుస్తుండగా, భుజాల మీద మంచు దులుపుకుంటూ ఒకావిడ వచ్చి కినుయో పక్కన కూలబడింది. ఇబుకి తల్లి తోమియే. ఉత్తరాన ఆపిల్ తోటలున్న ఊరు వాళ్ళది. ఏడాదికోసారి, ఈ మ్యాచ్‌కి వస్తుంది.

"రైళ్ళు ఆలస్యం, కినుయో గారూ. మంచు. మా పిల్ల దిగిందా?"

"ఇంకా లేదండీ."

"హమ్మయ్య." తోమియే సంచీలోంచి పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ పొట్లం తీసి ఆవిడ ఒళ్ళో పెట్టింది. "రాత్రంతా నిద్ర లేదనుకోండి. ఇవాళ బాగా కొట్టకపోతే దాని సంగతి ఏమవుతుందోనని."

"ఏమవడమేంటండీ?"

"ఒప్పందం పొడిగిస్తారో లేదో తెలీదుగా. మోకాలు పూర్తిగా కుదిరిందని మొన్ననే డాక్టరు చెప్పాట్ట. ఇంకో రెండేళ్ళు ఆడతానమ్మా, ఆడి చూపిస్తానమ్మా అంటూ ఫోన్‌లో ఒకటే గోల. మేనేజర్లందరూ ఇవాళ కూర్చుని చూస్తారట."

కినుయో చేతిలో పొట్లం చల్లగా తగిలింది. "మరి... మొన్న ఆ గీత దగ్గర కూర్చుని, నేలను నిమిరింది కదండీ. నేను చూశాను."

"నిమరడమా? ఓ, అదా! కంట్లోని లెన్సు పడిపోయిందట. వెతికి వెతికి నడుం పట్టేసిందంది. దొరకనేలేదు పాపం. ఆ రోజంతా ఒంటికన్నుతో తిరిగిందట." తోమియే నవ్వుతూ సీటు మీదున్న కాగితం తీయబోయింది. "ఇదేంటండీ?"

"అది వద్దు!" కినుయో దాన్ని లాగేసుకుంది. తన కాగితంతో పాటు వెనక్కి దాచింది. తోమియే కాస్త ఆశ్చర్యపోయి, పోనీలే అన్నట్టు ఆటవైపు తిరిగింది.

సరిగ్గా అప్పుడే కింద బెంచీ దగ్గర ఇబుకి లేచి పై జాకెట్టు విప్పింది. ఇప్పుడు దిగితే నాలుగు వందల మంది ఒక్కసారిగా లేచి, ఇక విశ్రాంతి తీసుకో అని ఆ పిల్ల మొహంమీదే చెబుతారు. మేనేజర్లు చూస్తుండగా, కన్నతల్లి చూస్తుండగా. అభిమానులకే వద్దనిపించిన ఆటగత్తెను క్లబ్బు ఎందుకుంచుకుంటుంది? దిగకు తల్లీ, దిగకు. పదకొండేళ్ళలో ఆవిడ ఇబుకి ఆడకూడదని కోరుకున్నది అదే మొదటిసారి. కోచ్ ఏదో అన్నాడు. ఇబుకి మళ్ళీ జాకెట్టు వేసుకుంది. సెట్టు పోయింది. విరామం ఇచ్చారు.

కినుయో మెట్లమీద పరుగెత్తిన తీరుకి జనం దారి ఇచ్చారు. హచిసుకా డోలు పక్కన టీ తాగుతున్నాడు.

"హచిసుకా గారూ, కాగితాలు ఆపించాలి. ఇబుకి మానెయ్యట్లేదు!"

"మానేస్తోందని ఏడ్చుకుంటూ వచ్చి చెప్పిందెవరు?"

"నేనే."

"నేలకి దండం పెట్టింది, నా కళ్ళారా చూశానన్నారు."

"లెన్సు వెతుక్కుంటోందట."

ఆయన కప్పు కింద పెట్టాడు. "లెన్సా."

"లెన్సే."

"అమ్మా తల్లీ! పడిపోయిన లెన్సుకి నాచేత నాలుగు వందల కాగితాలు అచ్చేయించారా? రంగు కుదర్లేదని మా మనవరాలు ప్రెస్సు వాడితో దెబ్బలాడింది కూడానూ!"

"తర్వాత తీరిగ్గా తిట్టండి, పడతాను. ముందు ఏదో ఒకటి చెయ్యండి. మేనేజర్లు చూస్తున్నారు. ఆ పిల్ల బతుకు నా చేతుల్తో నేనే..."

"ఏం చెయ్యమంటారు? ఏరడానికి విరామం చాలదు. మైకు క్లబ్బువాళ్ళది, మనకివ్వరు." ఆయన గడ్డం గోక్కుంటూ ఆవిడ చేతులవైపు చూశాడు. "అదేంటి మీ చేతిలో?"

కినుయో కూడా చూసుకుంది. తనకు తెలియకుండానే తన కాగితాన్ని మడతలు పెట్టేసింది. ప్రతి మ్యాచ్‌కీ గేటు దగ్గర మందపాటి కాగితం ఒకటి ఇస్తారు. దాన్ని విసనకర్రలా మడతలు పెట్టి, కింద రబ్బరుబ్యాండు వేసి, అరచేతిలో కొడుతూ చప్పుడు చేస్తారు. కంగారు పడితే కినుయో వేళ్ళు ఆ పనే చేస్తాయి. రాసిన మాటలు ఒక్కటీ కనిపించడం లేదు. అన్నీ మడతల్లోకి పోయాయి.

"మడత తెలియనివాడు ఈ హాల్లో ఎవడున్నాడు!" అంటూ హచిసుకా లేచాడు. డోలుమీద ఒక్క దెబ్బ వేసి, రైలింజను రొదలో అరిచి అరిచి అలవాటైన గొంతుతో కేకేశాడు. "ఊదారంగు కాగితాలు ఎత్తొద్దు! మడవండి! ఇవాళ ఒక్కొక్కరికీ రెండేసి చప్పుళ్ళు!"

"ఎందుకు తాతయ్యా?" పై వరసలోంచి ఎవరో పిల్ల అడిగింది.

"ఎందుకో చెబితేగానీ మడవవా? మడువు!"

ఆ వైపువాళ్ళు మడిచారు. అవతలివైపుకి కినుయో తనే పరుగెత్తింది. వరసవరసకూ వంగి దండం పెడుతూ, "క్షమించండి, పొరపాటైంది, మడవండి, దయచేసి మడవండి," అంటూ తిరిగింది. కొందరు నవ్వారు. ఒకావిడ, "అయ్యో, ఇంత మంచి మాటలు రాశారు, దాచుకుంటానండీ," అంది. దాచుకోండి, మడిచి దాచుకోండి అని బతిమాలింది. మూడో సెట్టు మొదలై, సగమయ్యాక గానీ తన సీటుకి తిరిగి రాలేకపోయింది. తోమియే గ్లాసుతో టీ అందించింది.

మూడో సెట్టు హెరాన్స్‌కి వచ్చింది. నాలుగోది చివరిదాకా పీకులాడింది. ఇరవై మూడు, ఇరవై మూడు. కోచ్ చెయ్యి ఊపాడు. ఇబుకి జాకెట్టు విప్పి కోర్టులోకి వచ్చింది.

ఒక్కసారిగా హాలు మోగిపోయింది. ఎప్పుడూ ఉండే చప్పుడుకి ఇవాళ రెండింతలు. కినుయో ఆటను చూడలేదు. సీట్లు చూసింది. ఇటుపక్క అంతా మడతలే, అటుపక్కా మడతలే. అప్పుడు ఎదురుగా, సరిగ్గా సర్వీసు చేసేవాళ్ళ కళ్ళకు ఆనే చోట, ఊదారంగు కాగితం ఒకటి నిటారుగా లేచింది. విరామంలో నూడుల్స్ కొనుక్కోవడానికి బయటికి వెళ్ళిన పెద్దాయన ఎవరో. గిన్నె ఒళ్ళో పెట్టుకుని, మూలన రాసిన ప్రకారం, రెండు చేతులతో శ్రద్ధగా ఎత్తి పట్టుకున్నాడు.

సర్వీసుకి ముందు ఇబుకి బంతిని నేలకేసి కొడుతుంది, చేతిలో ఒకసారి తిప్పుతుంది, తలెత్తుతుంది. ఇవాళ తలెత్తి, అలాగే ఆగిపోయింది. కొత్త లెన్సులు బాగానే పనిచేస్తున్నట్టున్నాయి. ఆమె ఆ కాగితాన్ని చదవడం కినుయో చూసింది. చచ్చిపోతే బాగుండుననిపించింది.

విజిల్ ఊదారు. ఇబుకి వెనక్కి నడిచింది. గీత దాటి, ఇంకా వెనక్కి.

"అదేంటి, అది అంత వెనక్కెందుకు పోతోంది?" తోమియే కినుయో మణికట్టు పట్టుకుంది. "వద్దే, మోకాలు..."

ఇబుకి బంతిని ఎత్తుగా విసిరింది. పరుగెత్తుకొచ్చింది, ఎగిరింది. ఆపరేషన్‌కి ముందు ఎలా ఎగిరేదో అలాగే. బంతి అవతలి అమ్మాయి చేతులకు తగిలి జనంలోకి ఎగిరిపోయింది. పాయింటు. తోమియే గోళ్ళు గుచ్చుకుంటున్నా కినుయోకి తెలియలేదు. రెండో సర్వీసు కూడా ఎగిరే కొట్టింది. అది జానెడు బయట పడింది. కోచ్ ఆమెను పిలిచేశాడు. మామూలుగా నడిచి వెళ్ళింది, కుంటలేదు. ఆ తర్వాత సెట్టూ మ్యాచూ హెరాన్స్ గెలిచాయని చుట్టూ అరుపులు వినే కినుయోకి తెలిసింది.

మ్యాచ్ అయ్యాక అమ్మాయిలు బయటి దారిలో వరసగా నిలబడి అందరినీ సాగనంపుతారు. కినుయో పక్కదారిన జారుకోబోయింది. ఇబుకి వదల్లేదు.

"కినుయో గారూ! ఆ నూడుల్స్ తాతగారు ఎత్తిన కాగితం చదివాను."

కినుయో నడుం వంచి, వంగినది వంగినట్టే ఉండిపోయింది. "నాదేనమ్మా తప్పు. నువ్వు లెన్సు వెతుక్కుంటుంటే కోర్టుకి వీడ్కోలు చెబుతున్నావనుకున్నాను. అంతా నా పైత్యం."

ఇబుకి ఒక్క క్షణం తెల్లమొహం వేసింది. తర్వాత ఫక్కున నవ్వింది, పద్దెనిమిదేళ్ళప్పటి నవ్వే. నవ్వు ఆగాక మాత్రం కళ్ళు తుడుచుకుంది.

"క్లబ్బువాళ్ళు నాకంటే ముందు మీకు చెప్పేశారేమో అనుకున్నా. ఒళ్ళు మండిపోయింది. వెళ్ళగొట్టేట్టయితే ఎగిరే కొట్టి పోదామనుకున్నా."

"అయ్యో తల్లీ!"

"ఇందాక మేనేజర్ గారిని అడిగేశాను. ఉంచుతారా, పంపిస్తారా అని."

"ఏమన్నారు?"

"ఇంకా తేలలేదట."

వెనక జనం తోసుకుంటున్నారు. ఇబుకి చూపు కినుయో చేతిలోని విసనకర్ర మీద పడింది. "ఇదీ అదేనా?"

"అదే. ఇక్కడే చింపేస్తాను."

"వద్దు. ఎప్పటికో ఒకప్పటికి కావాలిగా." ఇబుకి రెండు చేతులతో కినుయో చేతిని, దాంతోపాటు ఆ కాగితాన్ని మూసింది. "ఆ రోజు నేనే వచ్చి చెప్తాను. మీకే ముందు. అప్పటిదాకా మడత విప్పకండి."

తిరుగు రైల్లో కినుయో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కొత్త కాగితం, మందంగా ఉంది. మడతలు వాటంతటవే విచ్చుకోబోతున్నాయి. ఒక చోట "విశ్రాంతి" అన్న మాట సగం కనిపించింది. ఆవిడ జుట్టుకున్న రబ్బరుబ్యాండు తీసి, దానికి రెండు చుట్లు వేసింది.