మందు మానలేదు

మా డాక్టరమ్మ నా కొట్టును ఎంచుకోవడానికి కారణం నా కుట్టు కాదు, నా తెర.

ట్రయల్ రూముకి వేలాడుతున్న ముదురు నీలం తెరను చూసి, తనకు కావలసింది ఇదేనంది. పెద్దాసుపత్రిలో మానసిక విభాగం ఊరికి ఆ చివర ఉంది. రెండు బస్సులు మారి వెళ్లాలి, వెళ్లాక పొద్దంతా బల్ల మీద కూర్చోవాలి. కూర్చున్నాక ఎవరో తెలిసినవాళ్లు ఎదురుపడి ఇక్కడికెందుకొచ్చావని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకు జడిసి సగంమంది జబ్బును ఇంట్లోనే పెంచి పోషిస్తున్నారని ఆవిడ బాధ. టైలర్ కొట్టుకెందుకొచ్చావని మాత్రం ఎవడూ అడగడు. అడిగినా చొక్కా కోసమని చెప్పుకోవచ్చు. అలా ప్రతి గురువారం మా ట్రయల్ రూము చిన్న ఆసుపత్రి అయింది. బయట నేను కొలతలు తీస్తుంటే లోపల ఆవిడ కలతలు తీసేది.

ఈ మాట మొదటి గురువారమే ఆవిడతో అన్నాను. నవ్వింది. అది ఆవిడ చేసిన పొరపాటు. ఆ తర్వాత నన్ను ఆపడం ఎవరివల్లా కాలేదు.

మిగతా రోజులు చూసుకోవడానికి వీధివాళ్లం అయిదుగురం రెండు వారాలు శిక్షణ తీసుకున్నాం. ఎదుటివాళ్లు చెప్పేది ఎలా వినాలో, ఎవర్ని వెంటనే పెద్దాసుపత్రికి పంపాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో నేర్పారు. ఈ ఆఖరి పాఠంలో నావి అత్తెసరు మార్కులు.

మొదట్లోనే వచ్చినవాళ్లలో మా బావ ఒకడు. అక్క మొగుడు, బస్సు డ్రైవరు. ఇరవై ఏళ్లు స్టీరింగు పట్టాడు, అందులో ఆఖరి ఆరేళ్లు సీసా కూడా పట్టాడు. ఒకరోజు పొద్దున్నే డిపో గేటు దగ్గర గొట్టంలో ఊదిస్తే మీటరు గోల పెట్టింది. బండి లాక్కుని టైర్లకు గాలి కొట్టే పనిలో వేశారు. పొద్దంతా టైర్లకు గాలెక్కించి, సాయంత్రానికి తను గాలి తీసేసినట్టయి ఇల్లు చేరేవాడు.

ఆ గురువారం కొట్టుకొచ్చి, "ఏరా బావమరిదీ, కొలతలు తియ్యి," అన్నాడు. టేపు తీశాను. "ఆ కొలతలు కాదురా," అని తెరకేసి చూశాడు.

మూడు నెలలు ఒక్క చుక్క ముట్టలేదు. డాక్టరమ్మ రాసిన మాత్రలు రెండు పూటలా అక్క దగ్గరుండి మింగించింది. తాగాలని మరీ మనసు లాగినప్పుడు వచ్చి తెర వెనక కుర్చీలో కూర్చునేవాడు. మాలో ఎవరో ఒకరం పక్కన కూర్చునేవాళ్లం.

అప్పుడు డిపో మేనేజరు కబురు పెట్టాడు. శనివారం కొత్త రూట్ల డ్రైవర్ల జాబితా వేస్తారట. మానేశాడని డాక్టరు ఉత్తరం తెస్తే బావను అందులో చేరుస్తాడు. ఈసారి తప్పిపోతే మళ్లీ ఏడాది దాకా టైర్లే.

డాక్టరమ్మ రాత ఎలాంటిదంటే, తను రాసింది తనకే మందులషాపువాడు చదివి చెప్పాలి. నా అక్షరాలు బటన్లు కుట్టినట్టుంటాయి. కాబట్టి ఉత్తరం నేను రాశాను, ఆవిడ చదివి సంతకం పెట్టింది. నకలు ఇప్పటికీ నా దగ్గరుంది.

"ఈయన మూడు నెలలుగా ఒక్క రోజు కూడా మందు మానలేదు. వేళ తప్పకుండా మందు వేసుకున్నాకే ఇంట్లోంచి బయల్దేరుతున్నాడు. భార్యే స్వయంగా చేతికి అందిస్తోంది. వీధి వీధంతా సహకరిస్తోంది. ఇకమీదట కూడా మందు వేసుకునే డ్యూటీకి వస్తాడని హామీ ఇస్తున్నాం."

శుక్రవారం పొద్దున బావ ఆ ఉత్తరం తీసుకుని డిపోకి వెళ్లాడు. పదకొండింటికి అక్క నా కొట్టులోకి వచ్చింది. చెప్పులు విప్పలేదు. అవి నా వీపు కోసమేనని నాకు కాసేపటికి అర్థమైంది.

మేనేజరు ఇంటికి ఫోన్ చేశాడట. ఏమమ్మా, నువ్వే చేత్తో పోసిస్తున్నావటగా అని అడిగాడట.

"ఏం తగలేశావురా అందులో? చదువు," అంది.

నకలు తీసి ధీమాగా మొదలెట్టాను. రెండో వాక్యం దగ్గర గొంతు సన్నబడింది. మూడో వాక్యం లోలోపలే చదువుకున్నాను. డాక్టరుకి మందంటే మాత్ర. డిపోకి మందంటే సీసా. రెండూ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. రోజూ ప్రతి మాటనీ తిరగేసి చూసే నేను, ఆ రోజు వాక్యం బాగా కుదిరిందని మురిసిపోయి తిరగేయడం మరిచిపోయాను.

బావ ఫోను ఎత్తడం లేదు. డిపో నుంచి మా వీధికి వచ్చే దారిలో రెండు వైన్ షాపులున్నాయి. ఆ లెక్క నాకూ తెలుసు, అక్కకూ తెలుసు.

"ఇవాళ ఆయన తాగొస్తే, ఆయన్నేమీ అనను. నిన్నే అంటాను," అని కుట్టుమిషను ముందు స్టూలు మీద కూర్చుంది.

నేను గుండీలు రంగుల వారీగా డబ్బాల్లో సర్దాను. సర్దినవి కలిపేసి మళ్లీ సర్దాను.

ఒంటిగంటకి బావ వచ్చాడు. మా ఇద్దరి వైపూ చూడకుండా లోపలికెళ్లి తెర లాక్కున్నాడు. అక్క లేవబోయింది, నేను చేత్తో ఆపాను. ఆ ఆఖరి పాఠం ఆ పది నిమిషాల్లో నాకు బుర్రకెక్కింది. తర్వాత వెళ్లి పక్కన కూర్చున్నాను. వాసన లేదు.

"షాపు ముందు చాలాసేపు నిలబడ్డానురా," అన్నాడు. "చేతిలో నీ ఉత్తరం. తాగితే తప్పేముంది, డాక్టరు సంతకంతో సహా హామీ ఉంది కదా అనిపించింది. మళ్లీ ఒకసారి చదివాను. వీధి వీధంతా సహకరిస్తోంది అన్న దగ్గర నవ్వొచ్చింది. షాపువాడు నన్ను చూసి భయపడ్డాడు. నవ్వొచ్చాక ఇంక తాగబుద్ధి కాలేదు. నడిచొచ్చేశా."

తెర అవతల అక్క ముక్కు చీదుకుంది.

డాక్టరమ్మకి ఫోన్ చేస్తే నిమిషంసేపు నవ్వే వినిపించింది. తర్వాత తనూ చదివే సంతకం పెట్టాననీ, సగం తప్పు తనదేననీ చెప్పి, సాయంత్రం లోపల స్టాంపుతో వస్తానంది. ఈలోగా కొత్త ఉత్తరం మీద చర్చ మొదలైంది. మా అయిదుగురిలో ఒకాయన రిటైరైన మాస్టారు. మందు తీసేసి ఔషధం అని రాయమన్నాడు.

"ఔషధమంటే ఆ మేనేజరు కొత్త బ్రాండు అనుకుంటాడు మాస్టారూ," అంది అక్క. "ఒరేయ్, నేను చెప్తా, నువ్వు రాయి. నీ సొంతం ఒక్క ముక్క కలిపావంటే వేళ్లు విరిచేస్తా."

రాశాను. సారా, బ్రాందీ, బీరు ఏదీ మూడు నెలలుగా ముట్టలేదు. డాక్టరు ఇచ్చిన మాత్రలు రోజూ మింగుతున్నాడు. రెండే వాక్యాలు. మాత్రల పక్కన మాత్రమే అని చేర్చాలని చెయ్యి దురద పుట్టింది. అక్క నా వేళ్లనే చూస్తోంది. చేర్చలేదు.

డిపో ఆఫీసు మూసే ముందు మేం ముగ్గురం, డాక్టరమ్మ మేనేజరు గదిలో నిలబడ్డాం. ఆయన రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. నేను వివరించబోతే చెయ్యెత్తి ఆపాడు. బావనే అడిగాడు, పొద్దున ఇక్కణ్ణుంచి ఎటు వెళ్లావని.

బావ దాచలేదు. వైన్ షాపు దగ్గర నిలబడిన సంగతి కూడా చెప్పాడు. అక్క కళ్లు మూసుకుంది.

"మరి టైలర్ కొట్టుకెందుకెళ్లావు?"

"అక్కడ నాకో కుర్చీ ఉంది సార్."

మేనేజరు కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. తర్వాత జాబితా ముందుకు లాక్కుని అడుగున ఒక పేరు రాశాడు. నెలరోజులు రోజూ పొద్దున్నే గొట్టంలో ఊదాలన్నాడు. రెండుసార్లు ఊదమన్నా ఊదుతానన్నాడు బావ.

సోమవారం మొదటి ట్రిప్పుకి అక్క కూడా బస్సెక్కింది. ఆఖరి స్టాపులో ఏదో పనుందంది. ఏం పనో నేను అడగలేదు, కొట్టు మూసి నేనెందుకొచ్చానో తనూ అడగలేదు. డ్రైవరు సీటు వెనకే కిటికీ పక్కన కూర్చుంది. మూడు స్టాపుల దాకా బావ చేతులనే చూసింది. నాలుగో స్టాపు దాటాక చూస్తే తల కిటికీకి ఆనించి నిద్రపోతోంది. ఈ ఆరేళ్లలో అక్క పగలు కునుకు తియ్యడం నేనెరగను. వెనక ఎవడో ఆఫీసుకి ఆలస్యమవుతోందని గొణుగుతున్నాడు. బావ అద్దంలో అక్కను చూశాడు, రోడ్డు గతుకులుగా ఉన్నచోట బండిని ఇంకా నెమ్మది చేశాడు.