నడిమి ‘ప’ మెట్టు

వ్యాను గేటు ముందు ఆగేసరికి నేను పియానో ముందు పలక విప్పదీసుకుని నేలమీద కూర్చుని ఉన్నాను.

మా ఆవిడ ప్రసూనాంబ పోయి ఏడాది కావస్తోంది. ఆ ఏడాదిగానే పియానోలో నడిమి ‘ప’ మెట్టు నొక్కితే జుయ్యిమని ఒక రొద వెంట వస్తోంది. ఆమె అన్నగారు అనంతపద్మనాభం విజయనగరంలో పేరున్న వయొలిన్ పంతులు. లోపల చెక్క పగిలిందని ఆయనే తేల్చేసి, రాజాంలో కొత్తగా కడుతున్న హోటలు వాళ్లకి ఇస్తానని మాట కూడా ఇచ్చేశారు. వాళ్లు తీగలన్నీ పీకేసి, పెట్టెని కౌంటరు చేసుకుంటారట.

“గమకం పలకని పెట్టె. దానిమీద ఇంత పంతం ఏటి బావా?” అన్నారు నిన్న.

చెక్క పగిలి ఉంటే పట్టుకెళ్లమన్నాను. లేకపోతే గడప దాటనివ్వనన్నాను.

పక్కన ఇంకేదో అదిరి రొద చేస్తోందేమోనని వెతకని చోటు లేదు. పైనున్న పూలసజ్జ తీశాను, గోడమీది ఫొటో దించాను, కిటికీ అద్దాలకి అట్టముక్కలు దోపాను. ఇలాంటి రొద పట్టుకోవాలంటే ఇద్దరుండాలి. ఒకరు మెట్టు కొడుతూ ఉంటే ఇంకొకరు చెయ్యి ఆనించి వెతకాలి. ఇదివరకు కొట్టేది ఆవిడ, వెతికేది నేను.

వ్యాను డ్రైవరు గోపి తాళ్లు పట్టుకుని లోపలికొచ్చాడు. వెనకే బావగారు. కాస్త ఈ మెట్టు కొడుతూ ఉండమని గోపిని అడిగాను. అతను పెరట్లోకి వెళ్లి చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని వచ్చాడు. కడుక్కోమని నేను చెప్పలేదు.

“దీన్నే కొట్టాలేటి మేస్టారూ?”

ఆపమనేదాకా దాన్నే కొట్టమన్నాను. అవతల ఆలస్యమైపోతోందని బావగారు గొణిగారు. కానివ్వండన్నాను.

పియానో వెనక పెద్ద పలకకి అరచెయ్యి ఆనించి మెల్లగా కిందికి జరిపాను. ఎడమ మూల నొక్కగానే రొద తెగింది.

“ఆగిపోనాది,” అన్నాడు గోపి.

చీపురుపుల్లకి ఆవిడ పాత పొందూరు చీర పీలిక చుట్టి ఆ మూలకి దూర్చాను. ముందు దుమ్ము వచ్చింది. తర్వాత పసుపు పచ్చని బియ్యపు గింజలు. అక్షింతలు.

దసరాల్లో మా ఇంట వాద్యాలకి పూజ. పెద్దవారిగా అక్షింతలు వేసేది బావగారే. వయొలిన్‌కీ తంబురాకీ వేసి, పియానోని చూడనట్టు దాటబోయేవారు. ఏటా ప్రసూనాంబ దాని పై మూత ఎత్తి పట్టుకుని అడ్డంగా నిలబడేది. దీని నోరు మూసి దీవిస్తారా అనేది. ఆయన విసురుగా గుప్పెడు లోపల పోసి వెళ్లిపోయేవారు. తర్వాత వాటిని ఏరేసేది ఆవిడే.

గింజలు ఆయన అరచేతిలో పోశాను.

“చెక్క పగల్లేదు బావగారూ. ఇవి మీరు వేసినవే.”

గోపి పక్కకి తప్పుకున్నాడు. బావగారు వంగి తానే ఆ మెట్టు నొక్కారు. శుభ్రంగా పలికింది. ఇంకోసారి నొక్కారు. అంతటితో ఒప్పుకోబుద్ధి కాలేదేమో, కాలితో పెడలు తొక్కారు. కిర్రుమంది.

“మరి ఇదేటి?”

“అది ఆవిడ తొక్కినన్నాళ్లూ ఉంది. ఇకముందూ ఉంటుంది. చుక్క నూనె కూడా వెయ్యను.”

ఆయన గింజలు పారెయ్యలేదు. కండువా కొసన ముడివేసుకున్నారు.

గోపి తాళ్లు చుట్టి భుజాన వేసుకున్నాడు.

“హోటలోలకి ఏటి సెప్పమంటారు మేస్టారూ?”

“కౌంటరు కావాలంటే వడ్రంగిని పిలుచుకోమను. ఇది వాయించుకునేది.”