కడిగిన చేతులు

బీడీలు చుట్టే చేతుల చర్మంలోంచి ఎంత తడి ఆవిరైపోతుందో కొలవడానికి హైదరాబాదు నుంచి ఒక డాక్టరమ్మ నిజామాబాదులోని మా గల్లీకి వచ్చింది. ముందురోజు సాయంత్రం నుంచి చేతులకు సబ్బు గానీ నూనె గానీ తగలనివ్వొద్దని కబురు పెట్టింది. రోజంతా తడిపిన తునికాకు పట్టుకునే చేతులకు తడి కరువేమిటని మేం నవ్వుకున్నాం. గాలి ఆడితే మిషను తప్పు చూపిస్తుందట, ఫ్యాను కూడా బందు పెట్టించింది.

అందరికీ అంకెలు ఇంచుమించు ఒక్కలాగే వచ్చాయి. సుమిత్రమ్మ చేతికి మాత్రం రెట్టింపు చూపించింది.

"చర్మం గోడలాంటిదమ్మా, లోపలి నీళ్ళను ఆపుతుంది. మీ గోడకు పూతంతా లేచిపోయింది. రోజూ దేంతో కడుగుతున్నారు?" అని అడిగింది డాక్టరమ్మ.

సుమిత్రమ్మ పగిలిన వేళ్ళను కొంగులో దాచుకుంది. "నాకే జర శుభ్రం ఎక్కువ, డాక్టరమ్మా."

మేమంతా నేల చూశాం. ఆమె కోడలు స్వరూప మూడు నెలల కొడుకును ఎత్తుకొని పక్కనే నిలబడి ఉంది. బోధన్ పిల్ల, ఇంటర్ చదివింది. మనిషి మంచిదే గానీ శుభ్రం నెత్తికెక్కింది. పిల్లవాడిని ఎత్తుకోబోతే అత్త చేతులు వాసన చూసేది. పొగాకు వాసన పోలేదని మళ్ళీ కుళాయి దగ్గరికి పంపేది. ఆమె కడుక్కొని వచ్చేసరికి పిల్లవాడు నిద్రపోయేవాడు. మేం మాత్రం తక్కువ తిన్నామా, చూస్తూ ఊరుకున్నాం.

స్వరూప మొహం కందిపోయింది.

"అత్తమ్మ అబద్ధం చెప్తున్నది. నేనే కడిగిచ్చిన. సర్ఫు వేసి, కొబ్బరి పీచు పెట్టి రుద్దమన్న."

"చంటిబిడ్డను ముట్టుకునే ముందు కడగడం మంచిదే. మెత్తటి సబ్బుతో ఒక్కసారి కడిగి, వెంటనే కాస్త నూనె రాస్తే చాలు," అంది డాక్టరమ్మ మెల్లగా.

స్వరూపకు తలెత్తబుద్ధి కాలేదు. అత్త ముందు కూర్చొని పిల్లవాడిని ఆమె ఒడిలో పెట్టింది.

సుమిత్రమ్మ ఉలిక్కిపడి రెండు చేతులూ పైకెత్తేసింది. పిల్లవాడు జారిపోకుండా మోచేతులు అడ్డం పెట్టింది.

"జర పట్టుకో బిడ్డా. మిషను పెడ్తరని నిన్న మాపటిసంది చేతులు కడగలే. ఉరికి కడుక్కొని వస్త."