మూడు చీరల పడుగు

పొద్దు పొడవకముందే వీధిలో మగ్గానికెక్కించే నిలువు దారాలు, పడుగు పరిచేశాను. పక్కింటి గురమ్మ ఒక కొస పట్టుకుంటే నేను గంజి పట్టించాను. మా ఆయనకు తెలియకుండా గురమ్మ ఇంట్లోనే సిద్ధం చేయించాను, మూడు చీరలకు సరిపడే దారం. కోడుమూరులో నేసేవాళ్ళంతా అట్లాగే వేస్తారు. మా ఆయన మాత్రం ఐదేళ్ళుగా ఒక్క చీరకు మించి వేయనివ్వలేదు.

పళ్ళు తోముకుంటూ బయటికొచ్చి చూసి కొయ్యబారిపోయాడు.

"ఏందే ఇది? సగం చీర మగ్గం మీద పెట్టి నేను పోతే ఎవురు కోస్తారు?"

"నువ్వే కోస్తావు. పోయి చొక్కా ఏసుకో, కర్నూలు బస్సొస్తాది."

చచ్చిపోతానన్న ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఐదేళ్ళ కిందట కర్నూలులో క్యాన్సరని కడుపు మొత్తం తీసేసి, అన్నం దిగే గొట్టాన్ని పేగుకు కుట్టారు. వారం తిరక్కుండానే ఆ కుట్టు కారింది. లోపలంతా చీము. మళ్ళీ కోశారు. మనిషి ఎముకల గూడై మంచం దిగేసరికి కీమో వేళ దాటిపోయింది. ఆలస్యంగా మొదలుపెట్టినా ఒళ్ళు తట్టుకోలేక సగంలో ఆపేశారు.

"ఇట్లా అయినవాళ్ళకు జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువమ్మా. ఐదేళ్ళు దాటితే ధైర్యంగా ఉండొచ్చు" అన్నారు హిమబిందు డాక్టరమ్మ. మా ఆయన ఆ మాటలో మొదటి సగమే విన్నాడు. రెండో సగం నేను పట్టుకున్నాను. ఆ ఐదేళ్ళూ నిండి, స్కాను ఫలితం చెప్పేది ఈ రోజే!

బస్సులో ఆయన నోరు విప్పలేదు. కడుపు లేని మనిషికి కాస్త కాస్తగా పెడుతుండాలి కదా, డబ్బాలో పెరుగన్నం తీసిచ్చాను. ఒక ముద్ద తిని మూత పెట్టేశాడు.

డాక్టరమ్మ స్కాను చూసి తలెత్తారు. "సోమశేఖర్ గారూ, ఎక్కడా ఏమీ లేదు. బరువు పెద్దగా పెరగరు, బి12 సూది మాత్రం మానొద్దు. ఇక ఏడాదికోసారి వస్తే చాలు."

"యాడా లేదా? సరిగా చూసినారా మేడమ్?"

"నేనూ, స్కాను తీసిన డాక్టరూ ఇద్దరం చూశాం."

నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని ఊపేశాను. ఆయన గోడకేసి తిరిగి కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

తిరుగు బస్సులో చూడాలి ఆయన్ను! పొద్దున మూసిన నోరు ఇప్పుడు మూతపడితే ఒట్టు. కండక్టరుకు చెప్పాడు, పక్క సీటాయనకు చెప్పాడు. వాళ్ళు అడక్కపోయినా చొక్కా ఎత్తి కోత మచ్చ చూపించాడు. "కూర్చోవయ్యా, సిగ్గు లేదా?" అని కసిరాను గానీ, నాకూ బస్సు ఆపించి అందరికీ మిఠాయి పంచాలనిపించింది.

ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా లోపలికి పోయాడు. గురమ్మ అప్పటికే పడుగు చుట్టి మగ్గం పక్కన పెట్టిపోయింది. దాన్ని విప్పి వేళ్ళతో తడుముతూ కొసదాకా చూశాడు. పొద్దుటి తిట్లు మిగిలున్నాయేమోనని గడపలోనే ఆగిపోయాను.

"ఏమే హేమా," అని అరిచాడు. "ఇంత పొట్టిగా ఏసినావేందే!"