కౌంటరు మీద బాటిల్ బ్రష్ కొమ్మ

షమీమ్ నీళ్ళు ఎక్కువ పోస్తుందట. పెళ్ళయిన కొత్తలో పప్పుచారులో పోసింది, ఆ తర్వాత పిల్ల పాలల్లో పోసింది, ఇప్పుడు చెట్లకి పోసి చంపుతోంది. ఈ మాట ఆమె భర్త గౌస్ బాషా అన్నాడు, అదీ పధ్నాలుగు మంది ముందు, ఆమె వండిన బిర్యానీ తింటూ. వచ్చినవాళ్ళు పురుగుమందుల కంపెనీవాళ్ళూ, డీలర్లూ. అందరూ నవ్వారు. భోజనానికి పిలిచిన మనిషి జోకేస్తే నవ్వక ఏం చేస్తారు? పెరుగు చట్నీ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ షమీమ్ కూడా కాస్త నవ్వింది. ఆయన అన్నందుకు కాదుగానీ, తను అలా నవ్వినందుకు ఆ తర్వాత వారం రోజులు ఆమెకి ఒళ్ళు మండుతూనే ఉంది.

నల్లపాడులో వాళ్ళ ప్రహరీ వెంట ఆరు బాటిల్ బ్రష్ చెట్లున్నాయి. చెట్లంటే మరీ చెట్లు కావు, మనిషెత్తు దాటిన పొదలు. సీసాలు కడిగే బ్రష్షులాంటి ఎర్రటి పూలు పూస్తాయి. షమీమ్ గుంటూరులో ఒక ప్రైవేటు బడిలో బయాలజీ టీచరు. పదకొండేళ్ళ కిందట బడి ఆవరణలోంచి ఇరవై కొమ్మలు కత్తిరించి తెచ్చింది. కింది ఆకులు దూసేసి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి, పైన పాల కవర్లు బోర్లించి, ఆ వానాకాలమంతా పసిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకుంది. ఆరు బతికాయి. వాళ్ళది నల్లరేగడి నేల, వాన పడితే తడి పట్టుకుని వదలదు. ఈ మొక్కకి మొదట్లో నీళ్ళు నిలిస్తే గిట్టదు. అందుకని ఇసుకా మట్టీ కలిపి మోకాలెత్తు దిబ్బలు పోసి వాటి మీద నాటింది. అది చూసి అత్తగారు జానీబీ, "ఇంటి ముందు ఆరు గోరీలు కట్టావేంటే?" అంది. బాషా మాత్రం ఏమీ అనలేదు. ఆయన చూస్తే కదా అనడానికి.

పొద్దున్నే లేచి ఇడ్లీ ఎక్కించి, అత్తగారికి షుగరు మాత్ర ఇచ్చి, ఆయన చొక్కా ఇస్త్రీ చేసి, కారియర్ సర్ది, ఏడుంబావు బస్సు వచ్చేలోపల ఆమెకి మిగిలేది పదిహేను నిమిషాలు. అవి ఆ చెట్ల దగ్గర గడిపేది. వాడిన పువ్వు వెనక నుంచి కత్తిరించాలి. ఎక్కడ పడితే అక్కడ కత్తిరిస్తే మరుసటేడు పూత ఉండదు. ఈ చెట్టుదో చిత్రమైన గుణం. పువ్వుతో కొమ్మ ఆగిపోదు. పువ్వు మధ్యలోంచి దూసుకొచ్చి, మళ్ళీ చిగురేసి, తన దారిన తాను పోతుంది. తేనెపిట్టలు తలకిందులుగా వేలాడి పూలలో తేనె తాగుతుంటే చూస్తూ నిలబడి బస్సు తప్పిపోయిన రోజులు కూడా ఉన్నాయి. ఇంట్లో ఆమె చేసే పనుల్లో ఎవరూ చెయ్యమని అడగనిది అదొక్కటే. అడగలేదు కాబట్టి వంక పెట్టినవాళ్ళూ లేరు, మొన్నమొన్నటిదాకా.

బాషాకి గుంటూరులో ఎరువుల కొట్టుంది. చుట్టుపక్కల మిరప రైతులకి ఆయన మాటంటే గురి. చేలో ఆకు ముడుచుకున్నా, మచ్చ పడినా, ఒక కొమ్మ విరుచుకుని బస్సెక్కి వచ్చి కౌంటరు మీద పెడతారు. ఆయన దాన్ని వెలుగులోకి తిప్పి చూసి, జబ్బు పేరు చెప్పి, చీటీ రాసిస్తాడు. నూటికి తొంభైసార్లు సరిగ్గానే చెబుతాడు, ఆ మాట ఒప్పుకోవాలి. అలాంటి మనిషి, కంపెనీవాళ్ళు భోజనానికి వచ్చేసరికి ఇంటి ముందు విరగబూసి ఉండాలని, నెల ముందు షమీమ్ బడికి పోయిన పూట భాస్వరం ఎరువు డిఎపి తెచ్చి, మిరపకి వేసినట్టే ఒక్కో మొదట్లో నాలుగేసి గుప్పెళ్ళు వేశాడు. సాయంత్రం జానీబీ ఎంతో మురిసిపోతూ చెప్పింది. "నీ చెట్లకి వాడే సొయంగా మందు పెట్టాడే. నువ్వంటే వాడికెంత ఇదో చూడు."

పదిహేను రోజులకి చిగుళ్ళు పసుపు రంగుకి తిరిగాయి. షమీమ్ మట్టి గీకి చూస్తే కరిగీ కరగని గుళికలు కనిపించాయి. ఈ జాతి మొక్కలు పేద నేలల్లో పుట్టినవి, భాస్వరం ఎక్కువైతే తట్టుకోలేవు. అదే మాట ఆయనకి చెప్పింది. "డిఎపి వల్లేమోనండి."

ఫోనులోంచి తలెత్తకుండానే ఆయన, "ఇరవయ్యేళ్ళ నుంచి మందులమ్ముతున్నా. భాస్వరం సంగతి నువ్వు నాకు చెబుతావా? తొమ్మిదో తరగతి పిల్లలకి చెప్పుకో. నీళ్ళు తగ్గించు ముందు," అన్నాడు. చెప్పుకుంటూనే ఉంది తొమ్మిదో తరగతి పిల్లలకి, పధ్నాలుగేళ్ళ నుంచి. వాళ్ళు నోట్సులో రాసుకుంటారు, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటారు. బడి గేటు దాటి ఇంటి గేటు తీసేసరికి ఆ చదువంతా ఎందుకూ పనికిరాకుండా ఎలా పోతుందో ఆమెకి ఎప్పటికీ అర్థం కాలేదు.

ఆ తర్వాతే విందూ, బిర్యానీ, ఆ జోకూ. అతిథులు వెళ్ళాక ఆయన నిర్ణయం కూడా చెప్పేశాడు. "ఎరువుల కొట్టువాడి ఇంటి ముందు పాడైపోయిన చెట్లుంటే నలుగురూ ఏమనుకుంటారు? ఆదివారం మేస్త్రీ ఇషాక్ వస్తాడు. పీకించేసి టైల్స్ వేయించుకుందాం." వేయించుకుందాం అంటే వినేవాళ్ళకి ఇద్దరూ కూర్చుని అనుకున్నట్టే ఉంటుంది. పెళ్ళయినప్పటి నుంచీ ఇంట్లో అన్నీ అలాగే అనుకున్నారు.

శనివారం పొద్దున షమీమ్ చెట్ల దగ్గరికి వెళ్ళి చాలాసేపు నిలబడింది. ఏడుపొచ్చింది. చెట్ల కోసం ఏడవడమేంటని తనని తాను తిట్టుకుంది, మళ్ళీ ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని ఆలోచించింది. ఈయన తన మాట వినడు. కానీ ఆకు మాట వింటాడు. కాకపోతే ఆ ఆకు తను తెచ్చిందని తెలియకూడదు. చివరి చెట్టు నుంచి జానెడు కొమ్మ కోసి, కవరులో చుట్టి, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. ఎవరో ఒక పేరు చెప్పి చీటీ పుచ్చుకుంటే చాలు. ఆయన చేతిరాతతో ఉన్న చీటీ రేపు ఇషాక్‌కి చూపిస్తే గునపం దించడు.

శనివారం ఒంటిపూట బడి. అక్కడి నుంచి తిన్నగా ఆటోలో కొట్టుకి వెళ్ళింది. కొట్టు తెరిచిన రోజు తప్ప ఆమె ఆ మెట్లెక్కింది లేదు. బురఖా ముసుగు సర్దుకుని, కొమ్మ బయటికి తీసి పట్టుకుని వరసలో నిలబడింది. సొంత మొగుడి కొట్టుకి దొంగలా రావడమేమిటని నవ్వొచ్చింది.

"ఏవూరమ్మా మీది?" ముందు నిలబడ్డ పెద్దావిడ అడిగింది. పేరు పిచ్చమ్మట, మూడెకరాల మిరప వేసిందట.

"నల్లపాడండి," అంది షమీమ్ మెల్లగా.

"నీ కొమ్మ కూడా బల్ల మీద పెట్టెయ్. వరసాగ్గా చూస్తాడు. ఆయన మడిసిని చూడడు, ఆకే చూస్తాడు," అని, ఆమె చేతిలోంచి కొమ్మ తీసుకుని తనే పెట్టేసింది.

అందరికంటే ముందు బాపయ్య అనే రైతు ఉన్నాడు. బాషా ఆయన మిరప కొమ్మని తిప్పి చూస్తూ, "తామర పురుగు. కంగారు పడకండి బాపయ్య గారూ. మీ తప్పేం లేదు, ఈ ఏడు అందరి చేలూ ఇట్టాగే ఉన్నాయి," అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడో. షమీమ్‌కి ఆ గొంతు తెలియదు. మీ తప్పేం లేదు అనే మాట ఈయన నోటికి వచ్చునని కూడా ఆమెకి ఇవాళే తెలిసింది. ఇన్నేళ్ళూ ఆ మెత్తదనమంతా ఇక్కడే ఖర్చయిపోయి, ఇంటికి ఖాళీ టిఫిన్ కారియరూ, విసుగూ మాత్రమే వచ్చేవన్నమాట.

పిచ్చమ్మ కొమ్మ కూడా అయిపోయాక బాషా మూడో కొమ్మ అందుకున్నాడు. "ఇదేంటి, జామాయిలా?"

కొన్నేళ్ళుగా రోజూ ఆయన బండి ఆనించి నిలబెట్టే చెట్టది. ఆయన ఆకు నలిపి వాసన చూశాడు, వెలుగుకి ఎదురుగా పట్టాడు. "డిఎపి ఏమన్నా వేశారా?"

పిచ్చమ్మ వెనక్కి తిరిగి చూసింది. షమీమ్ తల ఊపింది. "వేశారంట," అని పిచ్చమ్మే చెప్పింది.

"అదీ సంగతి. మిరపకేసినట్టు గుప్పెళ్ళతో వేసుంటారు. ఎవరు చెప్పారో గానీ, తెలిసినవాళ్ళు చేసే పని కాదిది. భాస్వరం ఎక్కువై ఇనుము అందట్లా."

బాపయ్య ఇంకా అక్కడే ఉన్నాడు. "నీళ్ళెక్కువయ్యాయేమోనండి," అన్నాడు మధ్యలో.

"అబ్బే. నీళ్ళెక్కువైతే కింది ఆకులు ముందు పండి రాలతాయి. ఇక్కడ చూడండి, చిగురు పసుపు తిరిగింది, ఈనె మాత్రం పచ్చగా ఉంది. నీళ్ళు పోసినవాళ్ళ తప్పు కాదిది."

"పీకెయ్యాల్సిందేనా మరి?" పిచ్చమ్మ అడిగింది.

"ఎందుకమ్మా పీకడం? బతికే చెట్టు. పై మట్టి గీకి తీసేసి కొత్త మట్టి వెయ్యండి. ఇనుము కోసం అన్నభేది, నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద రెండుసార్లు కొట్టండి. రెండు నెలల్లో తేరుకుంటది." ఆయన చీటీల పుస్తకం ముందుకి లాక్కున్నాడు. "ఎవరిదమ్మా కొమ్మ? పేరు చెప్పండి, రాసిస్తా."

పిచ్చమ్మ పక్కకి జరిగింది. షమీమ్ దగ్గర ఒక దొంగపేరు సిద్ధంగానే ఉంది, ఆటోలో అనుకుంటూ వచ్చింది. ఆ పేరు చెబితే చెట్లు దక్కుతాయి, ఎవరూ నొచ్చుకోరు, రాత్రి భోజనాలు మామూలుగా అయిపోతాయి. మామూలుగా అంటే, రేపు ఇంకో జోకుకి మళ్ళీ నవ్వడమే. చెట్లు దక్కితే మాత్రం, వాటిని పెంచిన మనిషి దొంగపేరు చాటున దాక్కోవడమెందుకు? ముసుగు పైకి తీసింది.

"షేక్ షమీమ్," అంది. "నల్లపాడు."

అలవాటు మీద ఆయన చెయ్యి షేక్ అని రాసేసింది, ష కూడా రాసింది. అక్కడ పెన్ను ఆగిపోయింది. ఆయన తలెత్తాడు. ముందు ఆమెని చూశాడు, తర్వాత కొమ్మని చూశాడు, తర్వాత బాపయ్యనీ, పిచ్చమ్మనీ, ఆమె వెనక నిలబడ్డ రైతులనీ చూశాడు. ముఖంలో రంగు మారింది.

"ఏంటిది? ఇంట్లో అడిగితే చెప్పనా నేను?" అన్నాడు గొంతు తగ్గించి.

"రాయండి," అంది షమీమ్. "నేనూ వరసలో నిలబడే వచ్చాను."