దిండు మీద ఆకు

మా హోటల్లో ప్రతి పడక మీదా ఒక అట్టముక్క ఆకు ఉంటుంది. అరచేయంత ఉంటుంది, పచ్చరంగు, దాని మీద ముద్దుముద్దుగా నాలుగు మాటలు: "నన్ను దిండు మీద ఉంచండి. ఈ రోజు మీ దుప్పటి ఉతకం. ఒక నది మీకు దణ్ణం పెడుతుంది." నది దణ్ణం పెట్టడమేమిటో, నా మొహం! ఆ మాటలు రాసింది మా మేనేజరు. గదులు ఊడ్చేవాళ్ళమంతా ఆయన్ని వెనకాల ఆకుదొర అంటాం.

ఉన్నమాట చెప్పాలి కదా, మొదట్లో ఆ ఆకు నాకూ నచ్చింది. ఒకే మనిషి నాలుగు రోజులు పడుకునే దుప్పటిని రోజూ ఉతికి, ఆ సబ్బునురగంతా కాలవలోకి వదలడం నాకెప్పుడూ మనస్కరించేది కాదు. ఇంట్లో మనం రోజూ మారుస్తామా? ప్లాస్టిక్ నీళ్ళసీసాలు పోయి గాజుసీసాలు వచ్చినప్పుడైతే హమ్మయ్య అనుకున్నాను. ఆ చెత్తసంచులు మోసే నడుము నాదే మరి.

ఆ మంచి ఎంతోకాలం నిలవలేదు. ఆకుని అతిథులు కాదు, మేమే పెట్టేయాలన్నాడు ఆకుదొర. వాళ్ళు మర్చిపోతారట, మనమే గుర్తుచెయ్యాలట. ఆ తరవాత అసలు సంగతి బయటపడింది. గది ఖాళీ చేసి వెళ్ళిపోయినవాళ్ళ దుప్పటి కూడా చూపుకి శుభ్రంగా ఉంటే తియ్యొద్దన్నాడు. అంటే ఏం చెయ్యాలి? వెళ్ళినవాడి వెంట్రుకలు చేత్తో దులపాలి. పడక మీదే ఆవిరి ఇస్త్రీపెట్టె నడిపించాలి. నిమ్మ సెంటు కొట్టి, దిండు మీద ఆకు పెట్టి, తలుపు దగ్గరికి లాగాలి. తరవాత వచ్చినవాడు గుండెల నిండా గాలి పీల్చుకుని "ఆహా, ఎంత శుభ్రం!" అంటాడు. థూ! వాడు పీల్చేది నిన్నటివాడి చెమట.

స్నానాలగదుల్లో షాంపూ డబ్బాలు గోడకి బిగించారు. అయిపోయిన కొద్దీ పైనుంచి పోయడమే తప్ప కడగడం లేదు. ఒకసారి నేను మూత విప్పి వేలు పెట్టాను. అడుగున జిగురులాంటిది పేరుకుని వేలికి అంటుకుంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఇక ముందు హాల్లో ఉన్న చెట్లన్నీ ప్లాస్టిక్‌వే. "నీళ్ళు పొయ్యక్కర్లేదు చూశావా, అదీ ఆదా" అని మా ఆకుదొర వచ్చినవాళ్ళకి నవ్వుతూ చూపిస్తాడు. నేతిబీరకాయలో నెయ్యెంతో మా హోటల్లో పచ్చదనం అంత.

నాతో జతగా గదులు చేసేది మా వదిన, మా అన్నయ్య పెళ్ళాం. మనిషి మంచిదే, కానీ గాలి ఎటు వీస్తే అటు వాలుతుంది. నేను గొణిగినప్పుడల్లా ఒకటే పాట పాడేది.

"పడుకునేవాళ్ళకి లేని బాధ నీకెందుకే? కందకి లేని దురద కత్తిపీటకెందుకూ?"

"వాళ్ళకి తెలిస్తే కదా వదినా, దురద పుట్టేది!"

"తెలియకుండా ఉంచడమేగా మన పని."

అలా నవ్వేసేది. నాకు నవ్వు వచ్చేది కాదు. ఉద్యోగం కాబట్టి మింగలేక కక్కలేక చేశాను. ఇంటికెళ్ళి ఒళ్ళు రుద్దుకుని స్నానం చేస్తే తప్ప చెంబు కూడా ముట్టుకునేదాన్ని కాదు. వదినకి అలవాటైపోయింది, నాకు మాత్రం కాలేదు అనుకునేదాన్ని. నా ముక్కు ఇంకా బతికే ఉంది అని వదినతోనే దెప్పుతూ ఉండేదాన్ని.

మా ఇద్దరి మధ్య ఒక గుర్తు ఉండేది. ఏ పడక మీద ఉతికిన దుప్పటి ఉందో, ఏది ఇస్త్రీ బాపతో మాకైనా తెలియాలి కదా. అందుకని ఉతికింది పరిచినప్పుడు కాళ్ళవైపు కుడిమూలలో, పరుపు కిందకి తోసే చోట, అంచుని ఒక్క మెలి తిప్పేవాళ్ళం. పరుపు ఎత్తి చూస్తే మెలి ఉంటుంది. ఇస్త్రీ బాపతుకైతే పాత మెలి ఉంటే లాగి విప్పేసి వదిలేసేవాళ్ళం. ఈ సంగతి మా ఇద్దరికి తప్ప మూడో మనిషికి తెలియదు.

ఇంతలో మా అమ్మాయికి ఆపరేషన్ చేసి మగపిల్లాణ్ణి తీశారు. ఇంటికి తీసుకెళ్ళమన్న రోజుకి సరిగ్గా ఒక రోజు ముందు మా వాటాలో స్నానాలగది కింద మురుగుగొట్టం పగిలింది. నేలంతా తవ్విపోశారు, ఇల్లంతా ఒకటే కంపు. డాక్టరమ్మ చూస్తే మరీ మరీ చెప్పింది.

"పడక శుభ్రంగా ఉండాలమ్మా. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. చీము పట్టిందంటే మళ్ళీ తీసుకురావాల్సి వస్తుంది. పిల్లాడి బొడ్డు కూడా ఊడలేదు."

హోటల్లో పై అంతస్తులో నేను తల పట్టుకుని కూర్చుంటే వదిన మెట్లు దిగి ఆకుదొర దగ్గరికి పరిగెత్తింది. మొహం చాటంత చేసుకుని తిరిగొచ్చింది.

"మూల గది ఇస్తానన్నాడే! గొట్టం బాగయ్యేదాకా ఉండమన్నాడు."

"ఆయనా? ఊరికేనా?"

"ఒక ఫొటో తీసుకుంటాడట. పర్యావరణం బహుమతి వాళ్ళకి పంపాలట. పచ్చని హోటల్లో పసిబిడ్డ అని."

"మన పిల్లని ఆ పడకల మీద పడుకోబెట్టనా? నీకు మతి ఉండే మాట్లాడుతున్నావా?"

"ఏంటే అలా అంటావ్! నేను లేనూ? బట్టల గదిలోంచి ఉతికిన దుప్పటి నేనే తెచ్చి నా చేత్తో పరుస్తాను. పుట్టినప్పుడు దాని పొత్తిగుడ్డలు ఉతికింది నేను కాదా? నా మీద ఆ మాత్రం నమ్మకం లేదా?"

లేదని ఎలా అంటాను? మా అమ్మాయికి అమ్మమ్మ లేని లోటు తీర్చింది వదినే. నేను ఆసుపత్రికి వెళ్ళాను, వదిన గదికి వెళ్ళింది.

అమ్మాయిని నడిపించుకుంటూ, పిల్లాణ్ణి ఎత్తుకుని మూల గదికి వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. గది తళతళలాడుతోంది. పడక మీద ఒక్క ముడత లేదు. దిండు మీద ఆకు, గదంతా నిమ్మ వాసన. వదిన గుమ్మం పక్కన ట్రాలీ పట్టుకుని నిలబడి, చూశావా అన్నట్టు కళ్ళెగరేసింది. అమ్మాయి పొట్ట పట్టుకుని మెల్లగా ఒరిగి, "హాయిగా ఉందత్తా" అంది. పిల్లాణ్ణి దాని పక్కన పడుకోబెట్టాను.

దిండు సర్దుదామని ఎత్తాను. దాని కింద, పిల్లాడి చెంపకి జానెడు దూరంలో ఏదో పసుపుపచ్చగా కనిపించింది. వంగి చూశాను. కాలిగోరు. ఎవడో బొటనవేలిది, మందంగా, వంకీలా, అంచున నల్లగా మట్టి పట్టి ఉంది.

 కాళ్ళవైపుకి వెళ్ళి కుడిమూల పరుపు ఎత్తాను. మెలి లేదు.

"వదినా."

"ఏంటే?"

"ఇటు రా. నీ చేత్తో పరిచావా దీన్ని?"

"ఒట్టు! నేనే బట్టల గదికెళ్ళి తెచ్చాను. మీద ఒక్క మరక లేకుండా ఏరి మరీ తెచ్చాను..."

"మరి మెలి ఏది?"

వదిన వంగి చూసింది. ఆ మూల చూసింది, ఈ మూల చూసింది. తరవాత వెనక్కి తిరిగి ట్రాలీ కింది అరలోకి చూసింది. నేనూ చూశాను. ఏరి తెచ్చిన ఉతికిన దుప్పటి, మడత నలగకుండా, అక్కడే ఉంది. దాని పక్కన ఇస్త్రీపెట్టె ఇంకా వేడిగా ఉంది.

 వదిన పీలగా అంది.

"పరిచాననే అనుకున్నానే. పిల్ల వస్తోంది, పిల్ల వస్తోంది అనుకుంటూనే చేశాను. ఎప్పుడు దులిపానో, ఎప్పుడు ఇస్త్రీ చేశానో... నాకు గుర్తే లేదు."

అబద్ధమాడుంటే బావుండేది, తిట్టి ఊరుకునేదాన్ని. నిజమే చెబుతోందని వదిన మొహమే చెబుతోంది. అందుకే ఒళ్ళు మండిపోయింది.

"గుర్తు లేదా? సొంత పిల్ల కుట్ల కింద ఎవడిదో కంపు పరిచి గుర్తు లేదంటావా? ఆరు నెలల సావాసానికి వారు వీరవుతారంటారు, నువ్వు అచ్చం ఆకుదొరవైపోయావే వదినా! నీవి చేతులా, ఇంకేమన్నానా? ఛీ, ఛీ!"

సరిగ్గా అప్పుడే ఆకుదొర తలుపు తోసుకుని వచ్చాడు, చేతిలో ఫోను, మొహం నిండా నవ్వు.

"ఏడీ మన పచ్చ అతిథి? అమ్మా, ఆ ఆకుని బాబు గుండె మీద పెడతారా? కొంచెం వెలుతురు వైపు..."

నేను దిండు మీది ఆకు తీశాను. దాని మీద ఆ గోరు పెట్టాను. తీసుకెళ్ళి ఆయన అరచేతిలో పెట్టాను.

"తియ్యండి ఫొటో."

ఆయన చూశాడు. మొహం కాస్త ముడుచుకుంది, అంతే. మళ్ళీ సర్దుకుంది.

"గోరంత దానికి కొండంత చెయ్యకమ్మా. ఇది ఏమన్నా ప్లాస్టిక్కా? మట్టిలో కలిసిపోయేదే కదా."

ఇదిగో, ఇంత చదువుకుని ఈ మాట అన్నాడు. నాకు నవ్వొచ్చిందో వాంతొచ్చిందో తెలియలేదు. నా నోట్లోంచి ఏమేం మాటలు వచ్చాయో ఇక్కడ రాయను, అమ్మాయి పిల్లాడి చెవులు మూసింది. చివరికి "రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు" అన్నాడు. "రేపటిదాకా ఎందుకు" అన్నాను.

అమ్మాయిని లేపాను. అది బరువు నా మీద వేసి నడుస్తూ, "ఇంట్లో కంపు కదమ్మా" అంది.

"ఉండనీ. మన కంపు మనదే. ఊరివాళ్ళ కంపు మనకెందుకు?"

దారి పొడుగునా వదినని తిడుతూనే ఉన్నాను. సంచులు మోసుకుంటూ నాలుగడుగుల వెనక వచ్చింది. వెళ్ళిపొమ్మన్నాను, వెళ్ళలేదు.

ఇంట్లో ముందుగది ఒక్కటే తవ్వకుండా మిగిలింది. మురుగు వాసన ఉంది కానీ నేల పొడిగా ఉంది. అమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టి మంచం సర్దడం మొదలెట్టాను. రాత్రి ఆ మంచం మీద అల్లుడు పడుకున్నాడు. పాపం, గొట్టాలవాళ్ళతో పాటు మట్టి తవ్వి తవ్వి, ఆ బట్టల్తోనే ఒరిగి, తెల్లవారగానే పనికి పోయాడు. నా నోరు మాత్రం ఆగలేదు.

"కళ్ళు మూసుకుని చేశావా వదినా? పసిగుడ్డు, పచ్చి కుట్లు, డాక్టరమ్మ అన్నిసార్లు చెప్పింది! మనిషన్నాక చేసే పని మీద ధ్యాస ఉండొద్దా? నేనైతే చచ్చినా అలా..."

"అమ్మా" అంది అమ్మాయి.

"ఉండవే, నన్ను మాట్లాడనీ. నేనైతే నా ప్రాణం పోయినా..."

"అమ్మా! ఏం చేస్తున్నావు?"

దాని గొంతుకి నేను ఆగి కిందకి చూశాను. మంచం మీద అల్లుడు పడుకున్న దుప్పటే ఉంది. ముడత లేకుండా చదునుగా లాగి ఉంది. మట్టి దులిపినట్టు నా ఎడమ అరచేతికి ఇసుక అంటుకుని ఉంది. కుడిచేతిలో సెంటు సీసా ఉంది. హడావిడిలో హోటలు ఏప్రన్ విప్పకుండానే వచ్చేశాను, దాని జేబులోదే. నిమ్మ వాసన అప్పటికే గదంతా పాకింది. దిండు మీద, సరిగ్గా నడిమధ్యలో, అదే జేబులో మిగిలిన ఇంకో ఆకు ఉంది. ఎప్పుడు తీశానో, ఎప్పుడు పెట్టానో నాకు తెలియదు.

వదిన గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఒక్క మాట అంటుందని ఎదురుచూశాను. అనుంటే ఎంత బావుండేది!  సంచులు కింద పెట్టి, అందులోంచి ట్రాలీలో మిగిలిపోయిన ఆ ఉతికిన దుప్పటి తీసింది. ఎప్పుడు సంచిలో పెట్టుకుందో నేను చూడలేదు.

"పక్కకి జరుగు. నువ్వు ముట్టుకోకు" అంది.

ఆకు తీసి కింద పారేసింది. పాత దుప్పటి చుట్టి మూలకి విసిరింది. ఉతికింది విప్పి పరిచింది. ప్రతి పనీ మెల్లగా, చేతుల్ని కళ్ళతో కాపలా కాస్తున్నట్టు చూసుకుంటూ చేసింది. చివర కాళ్ళవైపు వెళ్ళి, పరుపు ఎత్తి, కుడిమూల అంచుని మెలి తిప్పి, నేను చూసేదాకా అలాగే పట్టుకుంది.

పిల్లాడు ఏడవడం మొదలెట్టాడు. అమ్మాయి వాణ్ణి ఒళ్ళోంచి ఎత్తి మా ఇద్దరివైపూ చూసింది. నేను చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని గోడకి ఆనుకున్నాను. వాణ్ణి ఇటివ్వమని అడగడానికి నాకు నోరు రాలేదు.